వెనుక బ్రేకు బాగుందా?



కొండగట్టు అంజన్న గుడి అందరికీ తెలుసు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తొవ్వలో ఉంటుంది. 2018 సెప్టెంబర్ 11న ఆ గుట్ట మీది ఘాటు రోడ్డు దిగుతూ ఒక ఆర్టీసీ బస్సు లోయలో పడింది. బస్సులో పట్టేదాని కంటే చాలా ఎక్కువ మంది ఉన్నారు. 60 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. బ్రేకులు పట్టలేదన్న మాట ఆ రోజే వినిపించింది.

అది పెద్ద బస్సు. పల్లెల్లో రోజూ తిరిగేది చిన్న బండి. దాన్ని పికప్పు అంటారు, ట్రాలీ అంటారు. పత్తి దానిలోనే పోతుంది. వడ్లు, కూరగాయలు, పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, మేకలు, గొర్రెలు అన్నీ దానిలోనే పోతాయి. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాటు ఉంది. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు పోయే దిక్కు కెరమెరి ఘాటు ఉంది. ఘాటు ఎక్కాలంటే ఇంజన్ కావాలి. ఘాటు దిగాలంటే బ్రేకు కావాలి.

పాత బండి కొనేవాళ్లు ఇంజన్ చప్పుడు వింటారు. టైర్లు చూస్తారు. రంగు చూస్తారు. వెనుక బ్రేకును మాత్రం చూడరు. అది డ్రమ్ములో దాగి ఉంటుంది. కానీ వెనుక బ్రేకు చాలాసార్లు ఉన్నట్టుండి చెడిపోదు. ముందే గుర్తులు చూపుతుంది. ఆ గుర్తులు తెలుసుకోవడానికి డ్రైవింగు రానవసరం లేదు. కన్ను, చెవి, ముక్కు ఉంటే చాలు.

బ్రేకు ఎట్ల పట్టుతుంది?

డ్రైవరు కాలి కింద పెడలు ఉంటుంది. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండర్ పనిచేస్తుంది. అది పిచికారి లాంటిది. హోళీ నాడు పిల్లలు పిచికారి నొక్కితే రంగు నీళ్లు ఉరుకుతాయి. అట్లనే మాస్టర్ సిలిండర్ బ్రేకు ఆయిలును సన్నని పైపుల్లోకి నెడుతుంది. ఆ పైపులు నాలుగు చక్రాల దాకా పోతాయి. వెనుక చక్రం దగ్గర ఇంకో చిన్న పిచికారి ఉంటుంది. దాని పేరు వీల్ సిలిండర్.

వెనుక చక్రం లోపల ఇనుప డ్రమ్ము ఉంటుంది. అది చక్రంతో పాటు తిరుగుతుంది. డ్రమ్ములో రెండు బ్రేకు షూలు ఉంటాయి. అవి నెలవంక లెక్క వంగి ఉంటాయి. వాటి వీపు మీద లైనింగు ఉంటుంది. లైనింగు అంటే రాపిడికి తట్టుకునే గట్టి బిళ్ల. కుమ్మరి సారె మీద కుండ తిరుగుతున్నదనుకోండి. లోపల రెండు చేతులు పెట్టి అటు ఇటు నొక్కితే కుండ ఆగుతుంది. షూలు చేసే పని అదే. కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి గుంజుతాయి. చక్రం మళ్లీ తిరుగుతుంది. చాలా పికప్పుల్లో హ్యాండ్ బ్రేకు కూడా ఈ షూలనే కేబులుతో గుంజుతుంది.

బండి ఖాళీగా ఉంటే బరువు ముందర ఎక్కువ. సరుకు వేస్తే బరువు వెనుకకు వస్తుంది. అప్పుడు వెనుక బ్రేకు బాగా పట్టాలి. అందుకే ఖాళీ బండికి చాలిన బ్రేకు, నిండు బండికి చాలకపోవచ్చు.

పోసిన ఆయిలు ఎటు పోయింది?

ఒక ఊళ్లో మహిళా సంఘం ఉందనుకోండి. సంఘంలోని వాళ్లు కూరగాయలు పండిస్తారు. తలా ఇంత వేసుకొని పాత పికప్పు ఒకటి కొన్నారు. పది పన్నెండేండ్ల బండి. సంఘంలోని ఒక ఆమె కొడుకే డ్రైవరు. సంఘం లెక్కలు రాసే అక్క ఒక రోజు బండిలో ముందర కూర్చుంది. డ్రైవరు పిల్లగాడు బ్రేకు వేసినప్పుడల్లా రెండుసార్లు తొక్కుతున్నాడు.

"రెండుసార్లు ఎందుకు తొక్కుతున్నవ్ రా?" అని అక్క అడిగింది.

"ఒక్కసారి తొక్కితే కిందికి పోతది చిన్నమ్మా. రెండోసారికి పట్టుతది. పాత బండి గద, గంతే ఉంటది."

"మొదలు కూడా గిట్లనే ఉండెనా?"

"లేదు. రెండు నెలల సంది. ఆయిలు తగ్గుతున్నది. వారం వారం పోస్తున్న."

అక్క సంఘం లెక్కలు చూసే మనిషి. పెట్టెలో పైసలు తగ్గితే ఎటు పోయినాయని అడుగుతుంది. ఇక్కడా అదే అడిగింది.

"వారం వారం పోస్తున్నవ్. పోసిన ఆయిలు ఎటు పోతున్నది?"

పిల్లగాడు జవాబు చెప్పలేదు.

డీజిల్ మండి ఖర్చవుతుంది. బ్రేకు ఆయిలు అట్ల ఖర్చయ్యేది కాదు. పైపుల్లోనే ఉంటుంది. లైనింగు అరిగిన కొద్దీ డబ్బాలో ఆయిలు మెల్లగా కొంచెం తగ్గుతుంది. దానికి నెలలు పడుతుంది. వారం వారం పొయ్యాల్సి వస్తున్నదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. అక్క బండిని నిలపమన్నది. దిగి వెనుక చక్రాల దగ్గరికి పోయింది. వంగి చూసింది. కుడి చక్రం లోపలి దిక్కు దుమ్ము పట్టి పొడిగా ఉంది. ఎడమ చక్రం లోపలి దిక్కు తడిగా ఉంది. టైరు మీదికి చార కారింది.

"ఇగ సరుకు ఎత్తేది లేదు. మెల్లగ షెడ్డుకు పోవుడు కూడా వద్దు. మేస్త్రీనే ఇక్కడికి పిలువు" అన్నది.

ఆ రోజు కూరగాయలు ఆటోలో పోయినాయి. కిరాయి ఎక్కువైంది. కొందరు సణిగారు. అక్క మాట మార్చలేదు.

డ్రమ్ము విప్పితే ఏం కనపడింది?

మేస్త్రీ వచ్చాడు. ఆయన వెంట పని నేర్చుకునే పిల్లగాడు ఒకడు వచ్చాడు. ముందు సాపు నేల మీద బండి పెట్టారు. ముందు చక్రాలకు అటు ఇటు రాళ్లు పెట్టారు. జాకీతో వెనుక దిక్కు లేపారు. జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టారు. ఇది ఎప్పుడూ మరువకూడదు. జాకీ జారితే బండి మనిషి మీద పడుతుంది.

చక్రం తీశారు. హ్యాండ్ బ్రేకు వదిలి డ్రమ్ము గుంజారు. పని నేర్చుకునే పిల్లగాడు లోపలి దుమ్మును నోటితో ఊదబోయాడు. మేస్త్రీ ఆపాడు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏండ్ల తర్వాత పెద్ద రోగాలు వస్తాయి. అందుకే ఊదకూడదు. గాలి కొట్టకూడదు. తడి బట్టతో తుడవాలి. ఆ బట్టను పారెయ్యాలి.

లోపల వీల్ సిలిండర్ రబ్బరు చినిగి ఉంది. ఆయిలు కారి లైనింగు తడిసింది.

పిల్లగాడు అన్నాడు: "అక్కా, లైనర్లను పెట్రోలుతో కడిగి పెడితే నడుస్తయి. ఈ ఒక్క దిక్కే చేద్దాం. పైసలు మిగులుతయి."

"పైసలు మిగులుతయి సరే తమ్మీ, బ్రేకు మంచిగ పట్టుతదా?" అని అక్క మేస్త్రీ దిక్కు చూసింది.

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "పట్టదక్కా. లైనింగు ఆయిలును పీల్చుకుంటది. పైన కడిగితే పోదు. వేడెక్కితే లోపలి ఆయిలు మళ్ల బయటకు వస్తది. ఒక్క దిక్కే కొత్తవి వేస్తే ఒక చక్రం గట్టిగ పట్టుతది, ఇంకొకటి పట్టదు. బ్రేకు కొట్టంగనే బండి పక్కకు గుంజుతది. షూలు రెండు దిక్కులా మార్చాలె."

డ్రమ్ము లోపల వేలు పెట్టి చూశారు. లోతు గీతలు ఉన్నాయి. అట్లాంటి డ్రమ్మును లేత్ మీద చెక్కిస్తారు. కానీ ఎన్నిసార్లంటే అన్నిసార్లు చెక్కించకూడదు. డ్రమ్ము ఎంత వెడల్పు దాకా పనికొస్తుందో ఆ అంకె చాలా డ్రమ్ముల మీదనే పోసి ఉంటుంది. ఆ అంకె దాటితే డ్రమ్ము పలుచనవుతుంది. పగులుతుంది. అప్పుడు కొత్తదే వెయ్యాలి.

పని అయ్యాక పైపుల్లో చేరిన గాలి తీశారు. ఒకరు పెడలు తొక్కి పట్టారు. ఒకరు చక్రం దగ్గరి నిపుల్ విప్పారు. బుడగలతో ఆయిలు వచ్చింది. నిపుల్ బిగించాకే కాలు తీశారు. బుడగలు రాకుండా పోయే దాకా అట్లనే చేశారు. నడుమ నడుమ డబ్బాలో కొత్త ఆయిలు పోశారు. తర్వాత ఖాళీ బండిని ఖాళీ మైదానంలో మెల్లగా నడిపి చూశారు. ఒక్కసారి తొక్కితేనే ఆగింది. ఆ తర్వాతే సరుకు ఎత్తారు.

ఏ గుర్తుకు ఏ జబ్బు?

అన్ని బండ్లకూ ఒకే జబ్బు ఉండదు. గుర్తును బట్టి జబ్బు తెలుస్తుంది.

పెడలు ఒకసారి కిందికి పోయి, రెండోసారి పైకి వస్తే షూలకూ డ్రమ్ముకూ నడుమ సందు పెరిగి ఉంటుంది. లైనింగు అరిగి ఉంటుంది. లేకుంటే సందును సరిచేసే అడ్జస్టరు తుప్పు పట్టి ఉంటుంది. హ్యాండ్ బ్రేకు కూడా బాగా పైకి గుంజాల్సి వస్తుంది.

పెడలు మెత్తగా, దూది మీద కాలు పెట్టినట్టు ఉంటే పైపుల్లో గాలి చేరి ఉంటుంది. గాలి తీయించాలి. గాలి ఎట్ల వచ్చిందో కూడా వెతికించాలి.

పెడలు తొక్కి పట్టితే మెల్లమెల్లగా కిందికి దిగుతుంటే బయట ఆయిలు కారుతున్నది, లేదా మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు పోయింది. ఆ బండిని కదిలించకూడదు.

చక్రం తడిగా ఉంటే ఏ ఆయిలో చూడాలి. బ్రేకు ఆయిలు నీళ్ల లెక్క పలుచగా ఉంటుంది. ఇరుసులోని గేరు ఆయిలు చిక్కగా, జిడ్డుగా ఉంటుంది. ఘాటు వాసన వస్తుంది. పలుచటి ఆయిలు అయితే వీల్ సిలిండర్ చూడాలి. చిక్కటి ఆయిలు అయితే ఇరుసు చివర ఉండే ఆయిల్ సీల్ మార్చాలి. రెండిటిలో ఏది కారినా లైనింగు తడుస్తుంది, బ్రేకు జారుతుంది.

గరగర చప్పుడు వస్తే లైనింగు అరిగి ఇనుము ఇనుమును గీకుతున్నదేమో చూడాలి. ఆలస్యమైతే డ్రమ్ము కూడా పోతుంది. షూలతో పోయే ఖర్చు డ్రమ్ము దాకా వస్తుంది.

చక్రం వేడెక్కి కాలిన వాసన వస్తే షూలు వెనక్కి రావడం లేదు. స్ప్రింగు తెగి ఉండవచ్చు. వీల్ సిలిండర్ పట్టేసి ఉండవచ్చు. హ్యాండ్ బ్రేకు కేబులు తుప్పు పట్టి ఇరుక్కొని ఉండవచ్చు. డ్రమ్మును చేతితో ముట్టకూడదు, కాలుతుంది. దగ్గర చెయ్యి పెడితేనే సెగ తెలుస్తుంది. వేడి డ్రమ్ము మీద నీళ్లు పొయ్యకూడదు. పగులుతుంది.

ఖాళీ బండికి బ్రేకు వేస్తే వెనుక చక్రాలు బిగుసుకొని జారితే ఇంకొక చోట చూడాలి. కొన్ని పికప్పుల్లో ఇరుసు పైన ఒక వాల్వు ఉంటుంది. బరువును బట్టి వెనుక బ్రేకుకు ఎంత ఆయిలు పోవాలో అది చూసుకుంటుంది. పాత బండ్లలో అది తుప్పు పట్టి ఇరుక్కుంటుంది. అప్పుడు ఖాళీ బండి జారుతుంది. లేకుంటే నిండు బండి ఆగదు.

ఘాటు దిగేటప్పుడు

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏండ్ల తరబడి మార్చకుంటే దానిలో నీళ్లు కలుస్తాయి. ఘాటు దిగేటప్పుడు కాలు బ్రేకు మీదనే ఉంటే డ్రమ్ములు కాలుతాయి. ఆ వేడికి నీళ్లు కలిసిన ఆయిలు మరుగుతుంది. ఆవిరి అవుతుంది. ఆయిలును నొక్కితే బలం ముందుకు పోతుంది. ఆవిరిని నొక్కితే అదే నలుగుతుంది. పెడలు కిందికి పోతుంది, బండి ఆగదు. అందుకే సుమారు రెండేండ్లకోసారి బ్రేకు ఆయిలు మొత్తం మార్చాలి.

డబ్బా మూత మీద "డాట్ 3" అనో "డాట్ 4" అనో రాసి ఉంటుంది. అదే పొయ్యాలి. తొవ్వలో దొరకలేదని ఇంజన్ ఆయిలు గానీ, డీజిల్ గానీ పొయ్యకూడదు. రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతాయి.

కొందరు డ్రైవర్లు డీజిల్ మిగులుతుందని దిగుడులో బండిని న్యూట్రల్ చేస్తారు. ఇంజన్ కూడా బందు చేస్తారు. చానా పెద్ద తప్పు. గేరులో ఉంటే ఇంజన్ కూడా బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేస్తే బరువంతా బ్రేకు మీదనే పడుతుంది. ఇంజన్ బందు చేస్తే, బ్రేకుకు సాయం చేసే బూస్టరు ఒకటి రెండు తొక్కుళ్ల తర్వాత పనిచెయ్యదు. పెడలు రాయి లెక్క గట్టిపడుతుంది. ఏ గేరులో గుట్ట ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. కాలిన వాసన వస్తే పక్కకు ఆపి, చల్లారే దాకా ఆగాలి. అరగంట ఆలస్యమైతే కొంపలు మునగవు.

చదువు వచ్చినందుకు

సంఘం అక్క ఒక నోటు పుస్తకం పెట్టింది. తారీకు రాసింది. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో మీటరు చూసి రాసింది. ఏ సామాను మార్చారో, ఎంత ఇచ్చారో రాసింది. పాత షూలు, పాత వీల్ సిలిండర్ అడిగి తీసుకుంది. బిల్లులో రాసినవీ, చేతిలో ఉన్నవీ సరిపోల్చింది. మేస్త్రీ నొచ్చుకోలేదు. "గిట్ల రాసి పెడితే నాకూ మంచిదే అక్కా" అన్నాడు.

బండి కాగితాలు కూడా చదివింది. సరుకు బండికి ఫిట్‌నెస్ కాగితం ఉండాలి. ఎనిమిదేండ్లు దాటిన బండికి దాన్ని ఏటా తీసుకోవాలి. కాగితం మీద ఆఖరు తారీకు ఉంటుంది. ఆ తారీకును నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకుంది. కానీ ఫిట్‌నెస్ కాగితం ఏడాదికొకసారి వస్తుంది. బ్రేకు రోజూ కావాలి. అందుకే రోజూ చూడాలి.

ఇంకొక మాట. పత్తి ఏరే రోజుల్లో సరుకు బండి వెనుక ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు నిలబడి పోతుంటారు. అది సరుకు కోసం చేసిన బండి. మనుషులను ఎక్కించడం చట్టానికి విరుద్ధం. సరుకు బండిలో ఊరికే ఎక్కిన వాళ్లకు నష్టపరిహారం కట్టే బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ప్రమాదం జరిగితే ఇంటి మనిషీ పోతుంది, బీమా పైసలూ రావు. తన సరుకు వెంట పోయే రైతు సంగతి వేరు. కూలికి పోయే గుంపు సంగతి వేరు. కూలికి పిలిచే వాళ్లను మనుషులు ఎక్కే బండి పెట్టుమని అందరూ కలిసి అడగాలి. ఒక్కరు అడిగితే "నువ్వు రాకు" అంటారు. ఇరవై మంది అడిగితే అట్ల అనలేరు.

బండి కదిలే ముందు ఐదు పనులు

ఒకటి. బ్రేకు ఆయిలు డబ్బా చూడాలి. ఆయిలు పై గీతకూ, కింది గీతకూ నడుమ ఉండాలి.

రెండు. వెనుక చక్రాల లోపలి దిక్కు వంగి చూడాలి. తడి ఉండకూడదు.

మూడు. ఇంజన్ నడుస్తుండగా పెడలు తొక్కి, పది లెక్కపెట్టే దాకా పట్టాలి. పెడలు గట్టిగా నిలబడాలి. కిందికి దిగకూడదు.

నాలుగు. కొంచెం ఏటవాలులో హ్యాండ్ బ్రేకు వేసి చూడాలి. ముందర మనుషులు ఉండకూడదు. బండి నిలవాలి.

ఐదు. పది గజాలు మెల్లగా పోయి బ్రేకు వెయ్యాలి. పక్కకు గుంజకూడదు. చప్పుడు రాకూడదు.

ఐదూ చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఒక్కటి తేడా వచ్చినా సరుకు దించాలి, మేస్త్రీని పిలవాలి.

ఆ సంఘం బండి ఇప్పుడు రోజూ పొద్దున ఈ ఐదు పనులు అయ్యాకే కదులుతుంది. డ్రైవరు పిల్లగాడు మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు అక్క రాకముందే తానే వంగి చక్రాలు చూస్తున్నాడు. అక్క వచ్చి ఒక్క మాటే అడుగుతుంది.

"ఒక్కసారి తొక్కితే ఆగుతున్నదా?"

"ఆగుతున్నది చిన్నమ్మా."

అప్పుడే గంపలు ఎక్కుతాయి.